పున్నమి పీత గుల్ల అన్న మాట నిజమేనా? పొట్ట కింద సంచి ఉన్న పీత సంగతేమిటి?

నాగావళి గట్టు (శ్రీకాకుళం) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేము ఉండేది శ్రీకాకుళం పట్టణంలో. గార మండలంలో ఉన్న అత్తవారి ఊరికి వెళ్లి వస్తూ, పున్నమి వెళ్లిన రెండో రోజు ఉదయం కళింగపట్నం ఒడ్డున, వలలో నుంచి ఇంకా విడదీస్తూ ఉండగానే, కిలోన్నర పీతలు కొన్నాను. తొమ్మిది తూగాయి. చిప్ప వెనుక వైపు మూడు ఎర్రటి గుండ్రని చుక్కలున్నవి ఎనిమిది, చుక్కలు లేకుండా కాళ్లు నీలంగా ఉన్నది ఒకటి. ఇంటికి తెచ్చి బాగుచేస్తే వాటిలో నాలుగు పూర్తిగా గుల్ల. కాలు విరిచిన చోట కండకు బదులు నీళ్లు కారాయి. డెక్క చితక్కొడితే లోపల పల్చని పోగు తప్ప ఏమీ లేదు. మిగిలిన ఐదూ మాత్రం నిండుగా, చేతికి బరువుగా ఉన్నాయి.

మా అత్తయ్యకు ఫోన్ చేసి చెబితే, "పున్నమి పీత గుల్లే గదమ్మా, అమాసకి కొనాల్సింది, కండ కట్టుంటాది" అన్నారు. వెన్నెల్లో పీత తన నీడను తానే చూసి బెదిరి మేత మానేస్తుందని, అందుకే పున్నమికి చిక్కిపోతుందని మా పుట్టింట్లో కూడా చెప్పేవారు. అదే నిజమైతే తొమ్మిదీ గుల్లగా ఉండాలి కదా! ఒకే వలలో, ఒకే పూట, ఒకే చోట పడిన పీతల్లో ఇంత తేడా ఎందుకు వచ్చిందో నాకు అంతుపట్టలేదు.

ఇంకొక సందేహం కూడా ఉంది. ఒక పీతకు పొట్ట కింద ముడుచుకుని ఉండే మూతను దాటి బయటికి పొంగుకొచ్చిన గుడ్లు ఉన్నాయి. నల్లగా, తడిపిన గసగసాల ముద్దలా ఉన్నాయి. మరొక దాని మూత కింద అలాంటి గింజలేమీ లేవు. పసుపు పచ్చగా, నున్నగా, వేలితో నొక్కితే మెత్తగా తగిలే చిన్న సంచి ఒకటి మాత్రం వేలాడుతోంది. అదీ గుడ్లేనా, లేక ఏదైనా రోగమా? తినవచ్చో లేదో తెలియక ఆ రెండింటినీ వండకుండా పక్కన పెట్టేశాను. తెలిసినవారు వివరంగా చెబితే సంతోషిస్తాను.


చంపావతి మాష్టారు (విజయనగరం) ఇచ్చిన సమాధానం:

అమ్మా, నమస్కారం. నేను డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. మీ ప్రశ్నలోనే సగం సమాధానం ఉంది. ఒకే వలలో నాలుగు గుల్లగా, ఐదు నిండుగా ఉన్నాయంటే, కారణం ఆకాశంలో కాకుండా ఒక్కొక్క పీత ఒంట్లోనే ఉండాలి.

మనకు ఎముకలు లోపల ఉండి కండ వాటి చుట్టూ పెరుగుతుంది. పీతకు చిప్పే అస్థిపంజరం, కండ దాని లోపలి గోడకు అతుక్కుని ఉంటుంది. ఒకసారి గట్టిపడిన చిప్ప ఇక సాగదు. అందువల్ల పీత పెరగాలంటే పాత చిప్పను పూర్తిగా విడిచి, కింద తయారైన కొత్తదానితో బయటికి రావాలి. పాము కుబుసం విడిచినట్టు అని పిల్లలకు చెప్పేవాడిని కానీ, నిజానికి పీత పడే శ్రమ పాము కంటే చాలా ఎక్కువ. చిప్పకూ పొట్ట మూతకూ మధ్య వెనుక వైపున ఒక చీలిక ఏర్పడుతుంది. పీత ఆ చీలికలో నుంచి వెనక్కి జరుగుతూ, కాళ్లు, డెక్కలు, మొప్పలు, కంటి కాడలు, చివరికి పొట్టలో మేతను నమిలే పళ్ల మీది పొరతో సహా, పాత తొడుగులో నుంచి ఒక్కొక్కటిగా లాక్కుంటుంది. విడిచిన చిప్ప ఒడ్డుకు కొట్టుకొస్తే చచ్చిన పీత అనుకుంటాం. చేతిలోకి తీసుకుంటే ఊదితే ఎగిరిపోయేంత తేలికగా ఉంటుంది, కాళ్లూ కళ్లూ అన్నీ ఉంటాయి, లోపల పీత మాత్రం ఉండదు.

ఇప్పుడు మీ డెక్కలోని పల్చని పోగు సంగతికి వస్తాను. డెక్క ముందు భాగం లావుగా, అది ఒంటికి కలిసే కీలు సన్నగా ఉంటుందని మీరు చూసే ఉంటారు. అంత లావు కండ అంత సన్నని కీలులో నుంచి బయటికి ఎలా వస్తుంది? చిప్ప విడిచే రోజులు దగ్గర పడుతుంటే పీత తన డెక్కలోని కండను తానే కొంత కరిగించుకుంటుంది. కండ చిక్కిపోయాకే డెక్క బయటికి జారుతుంది. బయటపడిన వెంటనే పీత నీళ్లు పీల్చుకుని ఉబ్బి, ఇంకా మెత్తగా ఉన్న కొత్త చిప్పను సాగదీస్తుంది. ఒక్క విడతలోనే చిప్ప వెడల్పు దాదాపు 20 నుంచి 30 శాతం పెరగవచ్చు. కొన్ని రోజులకే చిప్ప గట్టిపడుతుంది గానీ, లోపలి నీటి స్థానంలో కండ నిండడానికి వారాలు పడుతుంది. చిప్ప గట్టిపడి, కండ ఇంకా పట్టని ఆ మధ్య కాలంలో మీ వలకు చిక్కినవే ఆ నాలుగు గుల్ల పీతలు. చూడడానికి పెద్దవిగా ఉంటాయి, తూకానికి తేలిపోతాయి, విరిస్తే నీళ్లు.

చిప్ప ఎప్పుడు విడవాలో నిర్ణయించేది హార్మోన్లు. కంటి కాడలో ఉండే ఒక గ్రంథి చిప్ప విడవడాన్ని ఆపే హార్మోన్‌ను విడుదల చేస్తూ ఉంటుంది. అది తగ్గినప్పుడు తల భాగంలోని మరొక గ్రంథి ఎక్డైసోన్ అనే హార్మోన్‌ను తయారుచేసి పని మొదలుపెడుతుంది. భోగాపురం, పూసపాటిరేగ తీరంలో రొయ్య పిల్లల హేచరీలలో పనిచేసినవారికి తల్లి రొయ్యకు ఒక కంటి కాడ తీసేస్తారని తెలుసు. అక్కడ ఉద్దేశం త్వరగా గుడ్డు పట్టించడమే అయినా, సూత్రం ఇదే: ఇలాంటి పనులకు అడ్డుకట్ట వేసే గ్రంథి ఆ కాడలోనే ఉంది.

పున్నమి మాటను తోసిపుచ్చడానికి నాకు కనిపించే బలమైన కారణం ఒకటుంది. పిల్ల పీత తరచుగా చిప్ప విడుస్తుంది. ఎదిగిన పీత విడతకూ విడతకూ మధ్య ఎన్నో వారాలు, ఒక్కోసారి నెలలు తీసుకుంటుంది. అలాంటప్పుడు ప్రతి పున్నమికీ ప్రతి పీతా గుల్ల కావడం సాధ్యం కాదు. ఇక నీడకు బెదరడం అంటారా, ఈ జాతి పీతలు పగలంతా ఇసుకలో ఒళ్లు కప్పుకుని, కళ్లు, మీసాలు మాత్రం బయట పెట్టి పడుకుంటాయి, మేతకు రాత్రిపూట తిరుగుతాయి. వెన్నెల బాగా ఉన్న రాత్రుల్లో ఆ తిరుగుడు కొంత తగ్గుతుందంటే ఒప్పుకోవచ్చు. నాలుగు రాత్రులు మేత తగ్గినంత మాత్రాన డెక్కలోని కండ పోగులా మారదు.

సంచి ఉన్న పీత గురించి చాలా చెప్పాలి. ముందుగా ఒక్క విషయం తెలిస్తే మంచిది: ఆ పీత పొట్ట మూత వెడల్పుగా ఉందా, సన్నగా ఉందా?


నాగావళి గట్టు:

మాష్టారూ, ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. డెక్క కండ కరిగించుకోవడం గురించి చదివాక, మిగిలిన చిప్పలను మళ్లీ ఒకసారి తీసి చూశాను. సంచి ఉన్న పీత మూత సన్నగానూ లేదు, పూర్తి వెడల్పుగానూ లేదు, ఆ రెంటికీ మధ్యగా ఉంది. గుడ్లున్న పీత మూత మాత్రం అరచేతిలా వెడల్పుగా, గుండ్రంగా ఉంది.


తెప్ప మీద (బందరువానిపేట) ఇచ్చిన సమాధానం:

మాష్టారు గారు చెప్పిన చిప్ప సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. మెత్తటి పీతలు మా వలలో పడుతూనే ఉంటాయి. వాటిని చేత్తో పట్టుకుంటే తడి అట్టలా నొక్కుకుపోతాయి. పక్కన గట్టి పీత ఉంటే, ఒడ్డుకు చేరేలోపే మెత్తటిదాన్ని సగం తినేసి ఉంటుంది.

అయితే మా పెద్దలు చెప్పిన మాటను పూర్తిగా కొట్టిపారేయవద్దని నా మనవి. మేము నేలకు ఆనే వల సాయంత్రం వేసి తెల్లవారుజామున లాగుతాం. మా అనుభవంలో చీకటి రోజుల్లో పీత బాగా పడుతుంది, వెన్నెల రోజుల్లో తగ్గుతుంది. బాగా పడిన రోజున ఒడ్డున ఏరేటప్పుడు గుల్లవాటిని పక్కన పారేసి, గట్టివాటినే గంపలో వేస్తాం, ఎందుకంటే కొనేవాడు గుల్లవి చూస్తే మొత్తం గంపకు ధర తగ్గిస్తాడు. పది, పదిహేను పీతలే పడిన రోజున అలా ఏరితే గంపలో మిగిలేది ఏముంటుంది? అన్నీ కలిపి అమ్మేస్తాం. కొనుక్కుని వెళ్లినవారికి పున్నమికి గుల్ల ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణమని నేను అనుకుంటున్నాను. సముద్రంలో గుల్ల పీతలు ఎప్పుడూ ఉంటాయి, గంపలోకి రావడంలోనే తేడా ఉంది.

అక్కా, గుల్ల పీతను కొనేముందే గుర్తుపట్టవచ్చు. మొదట పీతను వెల్లకిలా తిప్పి చూడండి. అడుగు భాగం కొత్త సున్నం వేసిన గోడలా తెల్లగా, మెరుస్తూ ఉంటే అది ఈమధ్యే చిప్ప మార్చింది. అదే పసుపు చారలు కట్టి, కాస్త మాసినట్టు, పై చిప్ప మీద అక్కడక్కడా గవ్వ పురుగులు అంటుకుని ఉంటే, ఆ చిప్ప పాతది, లోపల కండ నిండి ఉంటుంది. తరువాత డెక్క దగ్గరి మొదటి నడక కాలిలో లావుగా ఉండే ముక్కను బొటనవేలితో నొక్కండి. వంగితే వద్దు. చివరగా, ఒకే సైజు పీతలు రెండు చెరో చేతిలో పట్టుకుంటే బరువు తేడా తెలిసిపోతుంది. అందంగా, శుభ్రంగా ఉన్నదాన్ని ఏరుకోవడం పట్నం నుంచి వచ్చేవారి అలవాటు, పీతల విషయంలో మాత్రం మాసినదే మంచిది.


భీమిలి తీరం (విశాఖపట్నం, సొంత ఊరు సోంపేట) ఇచ్చిన సమాధానం:

నేను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర జీవుల గురించి చదువుకున్నాను. మీరు కొన్న రెండు రకాలూ పోర్ట్యూనిడే అనే ఒకే కుటుంబానికి చెందినవి కాబట్టి, ఆ కుటుంబం గురించి కొంత రాస్తాను.

వీటిని ఈత పీతలు అంటారు. గుర్తుపట్టడానికి చివరి జత కాళ్లు చూస్తే చాలు. మిగతా నడక కాళ్లు మొనదేలి ఉంటే, ఈ జత చివర మాత్రం పడవ తెడ్డులా వెడల్పుగా, పల్చగా ఉంటుంది. ఆ తెడ్లను ఒంటి వెనుక గిరగిర తిప్పుతూ పీత పక్కవాటుగా ఈదుతుంది. ఇసుకలో వెనక్కి దిగబడి దాక్కోవడానికి కూడా అవే పనికొస్తాయి. చిప్ప పొడవు తక్కువ, వెడల్పు ఎక్కువ. పక్కవాటుగా ఈదే జంతువుకు నీటిని కోసుకుంటూ పోవడానికి ఆ ఆకారం కలిసి వస్తుంది. ఒడ్డున ఇసుకలో బొరియలు చేసుకుని, మనిషి అలికిడికి పరుగెత్తే ఎర్ర పీతలు వేరే కుటుంబం, వాటికి ఈ తెడ్లు ఉండవు.

మూడు చుక్కల పీత శాస్త్రీయ నామం పోర్ట్యూనస్ సాంగ్వినోలెంటస్. హెర్బ్స్ట్ అనే శాస్త్రజ్ఞుడు 1783లో దీన్ని వర్ణించాడు. చుక్క చుట్టూ తెల్లటి అంచు కూడా కనిపిస్తుంది. కంటి పక్క నుంచి చిప్ప అంచు వెంట వేలు పెట్టి లెక్కపెడితే ఒక్కో వైపు తొమ్మిది పళ్లు ఉంటాయి. తొమ్మిదోది పొడవాటి ముల్లు, బాగుచేసేటప్పుడు చేతిలో గుచ్చుకునేది అదే.

నీలం కాళ్లది మగ పీత. ఆ జాతిలో ఆడదానికి నీలం తక్కువ, మట్టి ఆకుపచ్చగా ఉంటుంది. అందుకే ఆడ, మగ రెండు వేర్వేరు రకాలని చాలామంది అనుకుంటారు. పుస్తకాల్లో దీన్ని పోర్ట్యూనస్ పెలాజికస్ అని రాస్తూ వచ్చారు. 2010లో లై, ఎన్జీ, డేవీ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు పరిశీలించి, ఒకటే అనుకున్నది నిజానికి నాలుగు జాతులని తేల్చారు. వారి విభజన ప్రకారం బంగాళాఖాతంలో మన వైపు దొరికేది పోర్ట్యూనస్ రెటిక్యులేటస్. మగదాని చిప్ప మీద వల అల్లినట్టుండే తెల్లటి గీతలను బట్టి ఆ పేరు సరిపోయింది.

ఇదే కుటుంబంలో మరో ప్రసిద్ధమైన సభ్యురాలు మండపీత. స్కిల్లా ప్రజాతి. దీని చిప్పకూ తొమ్మిదేసి పళ్లే కానీ, చివరిది ముల్లులా సాగదు, అన్నీ ఇంచుమించు ఒకే తీరున ఉంటాయి. ఉప్పుటేళ్లలో, మడ చెట్ల వేళ్ల కింద బురదలో బొరియలు చేసుకుంటుంది. పోర్ట్యూనస్ పీతలకు ఉప్పు తగ్గితే పడదు. వానాకాలంలో వంశధార, నాగావళి వరద నీరు మొగల (నది సముద్రంలో కలిసే చోట్ల) దగ్గర సముద్రాన్ని ఎర్రగా, చప్పగా మార్చినప్పుడు అవి లోతుకు జరిగిపోతాయి. మండపీత ఉప్పు తగ్గినా పెరిగినా చాలావరకు ఓర్చుకుంటుంది. ఇది కూడా ఒకప్పుడు ఒకే జాతి అనుకున్నదే. 1998లో కీనన్, డేవీ, మాన్ దీన్ని నాలుగు జాతులుగా విడదీశారు. కోస్తాలో గుల్ల మండపీతలను తక్కువ ధరకు కొని, చెరువులోనో పంజరంలోనో మూడు నాలుగు వారాలు చేపలు, నత్తలు మేపి, కండ పట్టాక అమ్మే వ్యాపారం ఉంది. మాష్టారు గారు చెప్పిన నీటి స్థానంలో కండ నిండడం అనే విషయమే ఆ వ్యాపారానికి ఆధారం. ఇక చిప్ప మీద శిలువ గుర్తున్న పీత ఎప్పుడైనా కనిపిస్తే అది కారిబ్డిస్ ఫెరియాటా, ఆరేసి పళ్లతో అదీ ఈ కుటుంబమే.

మేత విషయంలో ఇవన్నీ వేటగాళ్లే. ఆల్చిప్పలు, నత్తలు, పురుగులు, చిన్న రొయ్యలు, దొరికితే చచ్చిన చేప, అదను దొరికితే తోటి పీత. వీటిని తినేవి టేకు చేపలు, పెద్ద చేపలు, మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు. సముద్రపు అడుగున చచ్చినదేదీ కుళ్లి పేరుకుపోకుండా చేసేవాటిలో పీతలకు పెద్ద వాటా ఉంది.


చంపావతి మాష్టారు:

సోంపేట అబ్బాయి పళ్ల లెక్కతో సహా చక్కగా రాశాడు. ఇప్పుడు నేను బాకీ పడిన సంచి సంగతి.

మామూలుగా మగ పీత మూత సన్నగా, కొన వైపు ఇరుకుగా ఉంటుంది. ఎదగని ఆడ పీతకు త్రికోణంలా, ఈడుకొచ్చిన ఆడ పీతకు వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది. ఆడ పీత పొట్ట కాళ్లకు ఉన్న సన్నని వెంట్రుకలకు గుడ్లు అతుక్కుని ఉంటాయి, అందుకే దగ్గరగా చూస్తే గింజ గింజగా విడివిడిగా కనిపిస్తాయి. మీరు చెప్పినట్టు గింజలు లేకుండా, నున్నగా, ఒకే కాడ మీద వేలాడే పసుపు పచ్చ సంచి గుడ్లు కాదు. మీ వర్ణన సాక్యులినా వర్గానికి చెందిన పరాన్నజీవితో సరిగ్గా సరిపోతోంది.

రేవుల దగ్గర రాళ్లకు, పడవ అడుగుకు అంటుకుని ఉండే గవ్వ పురుగుల దగ్గరి బంధువు ఇది. ఈ పరాన్నజీవి ఆడ పిల్ల వచ్చి పీత ఒంటి మీద వాలి, ఒక వెంట్రుక మొదలు దగ్గర అతుక్కుని, తన కాళ్లను, చిప్పను విడిచేసి, కొద్దిపాటి కణాలను మాత్రమే పీత ఒంట్లోకి ఎక్కిస్తుంది. ఆ కణాలు మర్రి వేళ్లలా పీత ఒళ్లంతా అల్లుకుని రక్తం నుంచి పోషణ లాక్కుంటాయి. కొంతకాలానికి పొట్ట మూత కింద, సరిగ్గా గుడ్లు ఉండవలసిన చోటే, ఈ సంచి బయటికి వస్తుంది. పరాన్నజీవి గుడ్లు అందులో ఉంటాయి. పీత ఇక పిల్లలను కనలేదు, సాధారణంగా చిప్ప కూడా విడవదు. సొంత గుడ్లను ఎలా శుభ్రం చేసి గాలి ఆడేలా చూసుకుంటుందో, ఆ సంచిని కూడా అలాగే చూసుకుంటుంది.

పట్టిన పీత మగదైతే ఇంకా ఆశ్చర్యం. దాని మూత క్రమంగా ఆడదానిలా వెడల్పవుతుంది, ఎన్నడూ గుడ్లు మోయని ఆ మగ పీత సంచిని తల్లిలా కాపాడుతుంది. మీరు చూసిన మూత రెంటికీ మధ్యగా ఉందన్నారు కాబట్టి అది మగ పీత అయి ఉండవచ్చు. తరగతిలో ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ పిల్లలు నమ్మలేనట్టు చూసేవారు. ఒకసారి చింతపల్లి తీరం నుంచి అలాంటి పీతను తెచ్చి, మూత ఎత్తి చూపించాకే నమ్మారు.

ఇది పీతలకే పట్టేది, మనుషులకు అంటుకోదు. ఆ పీతలో కండ కూడా తక్కువే ఉంటుంది కాబట్టి వండకపోవడం వల్ల మీకు పోయింది ఏమీ లేదు.


నాగావళి గట్టు:

చదువుతుంటే ఒళ్లు జలదరించింది మాష్టారూ. నేను దాన్ని చెత్తబుట్టలో వేసేశాను, ముందే తెలిసి ఉంటే మా అమ్మాయికి చూపించేదాన్ని. మరి నల్లటి గుడ్లున్న పీత? మా ఇంట్లో లోపలి ఎర్ర గుడ్డు అంటే అందరికీ ఇష్టం. బయట నల్లగా ఉన్నది కూడా అదేనా?


భీమిలి తీరం:

రెండూ ఒకటి కాదండి. పై చిప్ప తీయగానే నారింజ ఎరుపులో కనిపించేది అండాశయం, ఇంకా బయటికి రాని గుడ్డు. బయట మూత కింద ఉన్నవి ఫలదీకరణ జరిగి, పిల్లలు పెరుగుతున్న గుడ్లు.

వీటి జత కట్టడం కూడా చిప్ప విడవడంతోనే ముడిపడి ఉంది. ఆడ పీత చిప్ప విడిచి మెత్తగా ఉన్నప్పుడే కలయిక సాధ్యమవుతుంది. అందుకని మగ పీత ముందే ఆడ పీతను వెతుక్కుని, చిప్ప విడిచే వరకు కొన్ని రోజులపాటు దాన్ని తన పొట్ట కింద పట్టుకుని మోస్తూ తిరుగుతుంది. మెత్తటి ఒంటితో ఉన్న ఆడదానికి శత్రువుల నుంచి అదే రక్షణ. ఆడ పీత వీర్యాన్ని ఒంట్లోని సంచుల్లో దాచుకుంటుంది కనుక, ఒకసారి జత కట్టి ఒకటి కంటే ఎక్కువ విడతలు గుడ్లు పెట్టగలదు.

గుడ్లు బయటికి వచ్చిన కొత్తలో పసుపు నారింజ రంగులో ఉంటాయి. లోపలి సొన ఖర్చవుతూ, పిల్ల కళ్లకు నల్ల రంగు వస్తున్న కొద్దీ ముద్దంతా గోధుమ రంగుకు, ఆపై నలుపుకు తిరుగుతుంది. మన సముద్రపు వెచ్చదనంలో ఇదంతా వారం, పది రోజుల పని. మీరు చూసిన నల్ల ముద్ద ఒకటి రెండు రోజుల్లో చిట్లబోయేది. నీలి పీత ఒక్క విడతలో లక్షల్లో గుడ్లు మోస్తుంది, పెద్దదైతే 10 లక్షలు కూడా దాటుతాయి. మండపీతకు 20 లక్షలకు పైనే. గుడ్డు చిట్లి వచ్చే జోయియా అనే పిల్లకు పీత పోలికే ఉండదు. కంటికి ఆనీ ఆనని నలుసుకు పెద్ద కళ్లు, వీపున ఒక ముల్లు ఉన్నట్టు ఉంటుంది. నీటి పైపొరల్లో కొట్టుకుపోతూ నీలి పీత నాలుగు సార్లు, మండపీత ఐదు సార్లు రూపం మార్చుకుని, మెగలోపా అనే దశ దాటి, రెండు మూడు వారాలకో నెలకో కొన్ని మిల్లీమీటర్ల బుల్లి పీతగా అడుగుకు దిగుతుంది. దారిలో చేపలకు ఆహారమైపోగా మిగిలేవి అతి కొద్ది. లక్షల గుడ్లు పెట్టడం అందుకే.

థాయ్‌లాండ్ మత్స్యకార గ్రామాల్లో పీతల బ్యాంకులని నడుపుతారు. వలలో పడిన గుడ్ల పీతను వెంటనే అమ్మకుండా తొట్టిలోనో పంజరంలోనో ఉంచి, పిల్లలను సముద్రంలోకి వదిలాక తల్లిని అమ్ముకుంటారు. నల్ల గుడ్లు మోసే పీతైతే రెండు రోజులు ఆగితే చాలు. మన వైపు మొగల దగ్గర ఇది ఎందుకు చేయకూడదో నాకు అర్థం కాదు.


తెప్ప మీద:

తమ్ముడూ, చేయకూడదని ఎవరూ అనరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేట ఆగుతుంది, దానివల్ల చేపకూ రొయ్యకూ మేలు జరుగుతోంది. కానీ పీత ఆ రెండు నెలల్లోనే గుడ్డు పెట్టదు కదా. మేము ఏడాది పొడుగునా గుడ్ల పీతలను చూస్తూనే ఉంటాం, కొన్ని నెలల్లో మరీ ఎక్కువ. కాబట్టి నిషేధంతో పాటు ఒడ్డున చేసే పని కూడా కావాలి.

నల్ల గుడ్ల పీతను కొనేవారు ఎలాగూ ఇష్టపడరు, గుడ్డు తీసి పారేసి వండుకుంటారు. అందువల్ల వదిలేసినా మాకు పెద్దగా నష్టం లేదు. కష్టమంతా విడదీయడంలో ఉంది. పీత వలలో చిక్కుకుంటే డెక్కతో కంతలను బిగించి పట్టుకుంటుంది. తొందరలో లాగితే డెక్క విరిగిపోతుంది, ఒక్కోసారి మూత చినిగి గుడ్లు రాలిపోతాయి. డెక్క ఊడినా పీత బతుకుతుంది. ఊడిన చోట రక్తం పోకుండా మూసుకుపోతుంది, తరువాత చిన్న డెక్క మొలిచి, చిప్ప మార్చిన కొద్దీ పెరగడం మేము చూస్తుంటాం. గుడ్ల ముద్ద చినిగితే మాత్రం ఆ విడతలో ఆ గుడ్లు పోయినట్టే. నేను ఇప్పుడు నల్ల గుడ్ల పీత కనిపిస్తే, ఒడ్డు దాకా తేకుండా, నీటిలోనే కంత కోసి వదిలేస్తున్నాను. కోసిన కంతను సాయంత్రం కుట్టుకోవచ్చు.


నాగావళి గట్టు:

చాలా రోజుల తరువాత రాస్తున్నాను, క్షమించండి. మొన్న అమావాస్య మరుసటి ఉదయం అత్తయ్యను వెంటబెట్టుకుని మళ్లీ కళింగపట్నం వెళ్లాను. గంపలో సుమారు ముప్పై పీతలున్నాయి. ఒక్కొక్కటీ వెల్లకిలా తిప్పి, అడుగు రంగు చూసి, మొదటి నడక కాలు నొక్కుకుంటూ ఏరాను. అమ్మే ఆవిడ మొదట విసుక్కుంది గానీ, తరువాత తానే తిప్పి చూపించింది. తెల్లటి అడుగుతో, నొక్కితే వంగిన కాళ్లతో ఐదు పీతలు అమావాస్య గంపలో కూడా ఉన్నాయి. పక్కన పెట్టిన వాటిలో ఒకటి అత్తయ్య చేతికిచ్చాను, అదే సైజు మాసిన పీతను రెండో చేతిలో పెట్టాను. కాసేపు రెండు చేతులూ పైకీ కిందకీ ఆడించి, తేలికదాన్ని గంపలోకి తిరిగి వేసేసి, ఆ తరువాత ఏరుకోవడమంతా అత్తయ్యే చేశారు.

కొన్నవి ఎనిమిది. ఒక్కటీ గుల్ల పోలేదు. చింతపండు పులుసులో ఉడికాక బూడిద రంగు చిప్పలన్నీ ఎర్రబడితే మా అమ్మాయి ఎందుకని అడిగింది. ఆ ఎరుపు చిప్పలో ముందే ఉంటుందని, పచ్చిగా ఉన్నప్పుడు ఒక ప్రోటీన్‌తో కట్టి ఉండి నీలంగా, బూడిదగా కనిపిస్తుందని, వేడికి ఆ కట్టు విడిపోతుందని మాష్టారు గారు నాకు విడిగా రాసిన సందేశం చదివి వినిపించాను. ఇప్పుడు అది ప్రతి చిప్పకూ పళ్లు లెక్కపెట్టి, తొమ్మిదీ ఉన్నాయో లేదో చూసి గానీ పళ్లెం ముందు కూర్చోవడం లేదు.